అవతారం దినోత్సవం

పొన్నమెరక బడి రిజిస్టరు ప్రకారం ఆ ఊళ్ళో సగానికి పైగా జనం జూలై ఒకటో తేదీనే పుట్టారు. అదేం వింతో అని నోరు వెళ్ళబెట్టక్కర్లేదు. పిల్లల్ని రెక్క పట్టుకుని తెచ్చి బళ్ళో వేసేటప్పుడు కన్నవాళ్ళు చెప్పే పుట్టినరోజులు "గోదారి పొంగిన ఏడండీ", "మా నల్లావు ఈనిన వారమండీ" అన్న ధోరణిలో ఉంటే మాస్టారు మాత్రం ఏం చేస్తారు? ఓ నిట్టూర్పు విడిచి, జూలై ఒకటి అని రాసి, తర్వాతి పిల్లాణ్ణి పిలుస్తారు. అలాంటి రిజిస్టరులో ఒక్కరంటే ఒక్కరు నవంబరు ఒకటిన పుట్టినట్టుంది. సాక్షాత్తూ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం పుట్టిన రోజున, ఆ సంవత్సరంలోనే. ఆవిడ పేరు అవతారం.

అవతారం ఆ బడికి ఆయా. పొద్దున్నే తలుపులు తీసి, గదులు ఊడ్చి, గంట కొట్టి, మధ్యాహ్నం అన్నాల వేళకి పళ్ళేలు కడిగించి, సాయంత్రం బోర్డులు తుడిచి తాళం వేస్తుంది. ముప్పై ఏడేళ్ళుగా ఇదే పని. పిల్లలు "అవతారం మామ్మా" అని పిలుస్తారు, వాళ్ళ అమ్మలు కూడా చిన్నప్పుడు అలాగే పిలిచేవారు. కోపం వచ్చినప్పుడు తిట్టే తిట్టు ఒకటే: "ఏంట్రా నీ అవతారం!" తన పేరునే తిట్టుగా వాడుకునే మనిషి కోనసీమ మొత్తం మీద ఇంకొకరుండరు.

ఆ పేరు వెనక పెద్ద కథేం లేదు. తండ్రి బుల్లిరాజు కొబ్బరి దింపుకి వెళ్ళేవాడు. రోజుకి అరవై చెట్లెక్కి కాయలు దింపే మనిషికి దేవుడి మీద భయం లేకపోతే ఎలా? అంతర్వేది నరసింహస్వామిని నమ్ముకున్నాడు, పిల్లకి అవతారం అని పెట్టుకున్నాడు. ఆరేళ్ళు నిండాక తెచ్చి బళ్ళో వేశాడు.

అప్పుడా బడికి ఒక్కరే మాస్టారు, సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు. పాతికేళ్ళ వయసు, తెల్లటి పంచె, చేతిలో ఎర్ర సిరా కలం. ఆయనకి లోకంలో రెండే రెండు విషయాల మీద ప్రాణం: ఒకటి తెలుగు, రెండోది శుభ్రమైన కాగితం. పిల్లలు ఒక్క అక్షరం కొట్టివేసినా పేజీకి పేజీ మళ్ళీ రాయించేవారు. "కొట్టివేత ఉన్న కాగితం చెల్లదర్రా" అనేవారు. ఆయన రాసిన రిజిస్టర్లలో చీమంత కొట్టివేత కూడా ఉండదని మలికిపురం దాకా పేరు.

నవంబరు ఒకటి వస్తే ఆయనకి పండగే. పైనుంచి కాగితం వచ్చినా రాకపోయినా జెండా ఎగరేసేవారు. యాభై ఎనిమిది రోజులు అన్నం మానేసి మన భాష కోసం ప్రాణమిచ్చిన మనిషి గురించి చెప్పేవారు. కర్నూల్లో ఆంధ్ర రాష్ట్రం ఎలా వచ్చిందో, మూడేళ్ళకి హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ ఎలా అయిందో, చూసొచ్చినట్టు చెప్పేవారు. చివర్న పిప్పరమెంటు బిళ్ళలు పంచేవారు. పిల్లలు ఉపన్యాసం అంతసేపూ చూసేది ఆ పొట్లం వంకే.

అరవై మూడో సంవత్సరం. అవతారానికి అప్పటికి తన పేరు రాయడం ఒక్కటే వచ్చు. ఆ పొద్దున బళ్ళోకి రాగానే నల్లబోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలు కనిపించాయి: "ఆంధ్రప్రదేశ్ అవతరణ దినోత్సవం". మొదటి మాటకి దాని నోరు తిరగలేదు. రెండో మాటకి వచ్చింది. అ... వ... త... అంతే. ఆ మూడక్షరాలు కనబడ్డాక ఇంక ముందుకి చూడాల్సిన అవసరం ఏముంది? ఆ మాట ప్రపంచంలో తనకి ఒక్కదానికే ఉంది.

"అవతారం దినోత్సవం" అని గట్టిగా చదివేసింది. చదివి, గబగబా ఇంటికి పరిగెత్తి, అంతర్వేది తీర్థం తిరనాళ్ళలో కొన్న గౌను వేసుకుని, తలకి నీళ్ళు రాసుకుని, వచ్చి జెండా కర్ర కింద నిలబడింది. తన కోసమే ఇన్ని కాగితాల తోరణాలు కట్టారని ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది.

బడంతా గొల్లుమంది. "నీ అవతారం చూసుకోవే!" అన్నాడొకడు. దాని మొహంలో వెలుగు ఎలా పోయిందో మాస్టారు చూశారు. ఆయన చేయవలసిన పని తేలికే. 'అవతరణ అంటే ఇదమ్మా, అవతారం అంటే అదమ్మా' అని చెప్పి కూర్చోబెట్టాలి. తెలుగు మాస్టారాయె. కానీ నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"ఎవడ్రా నవ్వింది? అది చదివిందాంట్లో తప్పేముంది? రాష్ట్రమూ ఇదీ ఒక్కరోజునే పుట్టేరు. రా అవతారం, మొదటి బిళ్ళ నీదే."

ఆ రోజు నుంచి అది ఊరి ఆనవాయితీ అయిపోయింది. నవంబరు ఒకటిన మొదటి పిప్పరమెంటు అవతారానిది. మూడో తరగతి తర్వాత తమ్ముళ్ళని ఎత్తుకోవడానికి, కొబ్బరి పీచు తాడు పేనడానికి బడి మానిపించేశారు. అయినా ఆ పూట మాత్రం మాస్టారు ఎవర్నో పంపి పిలిపించేవారు. పదహారో ఏట పెళ్ళయి రాజోలు వైపు వెళ్ళినా ఆ తేదీకి పుట్టింటికి వచ్చేది. మొగుడు ఎగతాళి చేసేవాడు, "ఉగాదికి రావు, నవంబరు ఒకటికి పరిగెడతావేంటే" అని. పాపం ఆ మొగుడు ఎక్కువకాలం బతకలేదు. చంకలో బేబీ అనే ఆడపిల్లతో తిరిగొచ్చిన అవతారాన్ని పంచాయతీ వాళ్ళకి చెప్పి బళ్ళో ఆయాగా పెట్టించింది కూడా మాస్టారే.

మనిషికి ఏడాదిలో ఒక్క రోజు తనది అనిపించాలి. మిగతా మూడొందల అరవై నాలుగు రోజులూ ఎవరి పళ్ళేలో కడుగుతూ గడిచిపోయినా ఫర్వాలేదు. అవతారం జీవితం ఆ ఒక్క రోజు ఆసరాతో నడిచిందంటే నేనేమీ ఎక్కువ చేసి చెప్పడం లేదు.

అయితే ఆ రోజు తనది కాదని ఆవిడకి తెలిసిపోయింది. తొంభై ఆరులో.

ఆ ఏడు నవంబరు ఒకటిన బిళ్ళ తింది, ఆరో తేదీన తుఫాను వచ్చింది. ఆ తుఫాను సంగతి కోనసీమలో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. గాలి ముదురుతుంటే, బడి పెంకులు ఒక్కొక్కటే లేస్తుంటే, అవతారం ముందు కూతుర్ని పక్క డాబా ఇంట్లో వదిలి, మళ్ళీ వెనక్కి వచ్చి, బీరువాలోని రిజిస్టర్లన్నీ బియ్యం డబ్బాలో కుక్కి మూత బిగించి, ఆ డబ్బాని ఈడ్చుకుంటూ తీసుకెళ్ళింది. తెల్లారేసరికి బడికి గోడలే మిగిలాయి. ఊళ్ళో నిలబడ్డ కొబ్బరిచెట్టు లేదు. తండ్రి ఎక్కిన చెట్లన్నీ ఒకే దిక్కుకి పడుకుని ఉండడం చూసి ఏడ్చింది.

డబ్బాలోకీ కాస్త తడి దిగింది. నాలుగో రోజున ఎండ కాస్తే, అది దీపావళి, అవతారం రిజిస్టర్లు చాప మీద పరిచి పేజీ పేజీ విడదీసి ఆరబెట్టింది. అలా విడదీస్తుండగా తన పేరు కనిపించింది. చి. అవతారం, తండ్రి బుల్లిరాజు. పుట్టిన తేదీ దగ్గర 1-7-1956 అని నల్ల సిరాతో ఉంది. దాన్ని అడ్డంగా కొట్టేసి పైన ఎర్ర సిరాతో 1-11-1956 అని ఉంది. పక్కన మాస్టారి పొట్టి సంతకం, తేదీ. ఆ తేదీ ఒకటి పదకొండు అరవై మూడు.

అమ్మ పాపాయమ్మ ఎప్పుడో అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. "అంతర్వేదిలో రథం కదిలిన పూట పుట్టేవే. మీ నాన్న తీర్థం నుంచి వచ్చేసరికి నువ్వున్నావు." ముసలిదానికి మతిమరుపు అని అవతారం కొట్టిపారేసింది. రథం కదిలేది మాఘమాసంలో. మాఘానికీ నవంబరుకీ ఎక్కడ పొంతన?

అంటే ఆ రోజు పిల్లల ముందు మాస్టారు అబద్ధం ఆడేశారు. ఆడి, సాయంత్రం అందరూ వెళ్ళాక కూర్చుని, దాన్ని నిజం చేశారు. కొట్టివేత ఉంటే కాగితం చెల్లదనే మనిషి, జీవితంలో ఒకే ఒక్క కొట్టివేత కొట్టారు.

ఆ పక్క వారం మాస్టారు బడి చూడ్డానికి వచ్చారు. అప్పటికి రిటైరై అమలాపురంలో కూతురి దగ్గర ఉంటున్నారు. పడిపోయిన కప్పు వంక కాదు, ముందు చాప వంక చూశారు.

"రిజిస్టర్లు?"

"ఉన్నాయండీ. ఆరబెట్టేనండీ."

ఆయన ఆ పాత అడ్మిషన్ రిజిస్టరు తీసి ఒక పేజీ దాకా తిప్పి ఆగిపోయారు. కళ్ళజోడు పైనుంచి ఆవిడ వంక చూశారు.

"అన్నీ విడదీసేవా?"

"విడదీసేనండీ. చదవడానికి నాకేం వచ్చండీ?" అంది అవతారం.

"ఆయ్" అన్నారాయన. పుస్తకం మూసేసి ఆవిడ చేతికే ఇచ్చేశారు. ఆ తర్వాత ఇరవై మూడేళ్ళపాటు ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. అవతారం ఆ రిజిస్టరుని పాత దినపత్రికలో చుట్టి బీరువా అట్టడుగున పెట్టింది.

రెండువేల పద్నాలుగులో రాష్ట్రం రెండైంది. ఆ ఏడాది నవంబరు ఒకటిన బళ్ళో జెండా ఎగరలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు. "మామ్మా, నీ పుట్టినరోజు కేన్సిలైపోయిందంట" అని పిల్లలు ఆట పట్టించారు. నవ్వింది గానీ ఆ పూట గంట పావుగంట ఆలస్యంగా కొట్టింది. మధ్యాహ్నం బస్సు దిగి గొడుగు వేసుకుని మాస్టారు నడిచొచ్చారు, చేతిలో పొట్లం. "వాళ్ళు రద్దు చేసుకుంటే చేసుకోనీ. నేను చెయ్యలేదే" అన్నారు. మూడేళ్ళు అలాగే వచ్చారు. తర్వాత మోకాళ్ళు సహకరించలేదు. కూతురు బేబీ మస్కట్‌లో ఓ ఇంట్లో పనికి కుదిరింది. అది మాత్రం ఆ రోజున ఫోను చేసి "హేపీ బర్త్‌డే అమ్మా" అనడం మానలేదు.

రెండువేల పంతొమ్మిదిలో మళ్ళీ నవంబరు ఒకటినే జరపమని పైనుంచి కాగితం వచ్చింది. అప్పటికి బడికి హారిక టీచరు వచ్చి నాలుగు నెలలు. చలాకీ పిల్ల. కథంతా ఊళ్ళోవాళ్ళ నోట విని ముచ్చటపడిపోయింది.

"అవతారం గారూ, ఈసారి మన బడి ఫంక్షన్ పేపర్లో పడాలండీ. మాస్టారు గారిని కారులో తీసుకొస్తున్నాం. ఆయనే ముఖ్య అతిథి. మీకు సన్మానం. నాగబాబు గారికి కూడా చెప్పేను."

నాగబాబు మలికిపురంలో విలేకరి. ముందురోజు మధ్యాహ్నమే మోటారుసైకిలు మీద వచ్చాడు. "శీర్షిక కూడా అనుకున్నానండీ. రాష్ట్రంతో పాటు పుట్టిన ఆయా! మామ్మగారి ఫోటో, పక్కన రిజిస్టరు పేజీ ఫోటో. తేదీ కనబడాలండీ, లేకపోతే మా డెస్కు వాళ్ళు నమ్మరు."

అవతారం చేతిలో చీపురు గోడకి ఆనించింది. "పాత పుస్తకమండీ, చెదలు తినేసుంటుంది" అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే ఇంకో మాట కూడా అనేసింది. "తేదీలో దిద్దుబాట్లవీ ఉంటే పనికిరాదేమోనండీ?"

"దిద్దుబాటుంటే చిక్కేనండి" అన్నాడు నాగబాబు. "ఎవరు దిద్దేరు, ఎందుకు దిద్దేరు అని అడుగుతారు. అదే పెద్ద వార్తైపోద్ది. ఆయ్, రేపొద్దున్న వచ్చి తీసుకుంటాను."

ఆ సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక అవతారం రిజిస్టరు బయటికి తీసింది. వంటగదిలో పొయ్యి ఇంకా ఆరలేదు. ఒక్క పేజీ. చింపి పొయ్యిలో పెడితే ఏ గొడవా లేదు. చెదలు తినేసిందంటే ఎవరు కాదంటారు? మాస్టారి పేరు మీద మచ్చ పడదు, తన రోజు తనకుంటుంది. పొయ్యి ముందు పీట వేసుక్కూర్చుని పేజీ తీసింది. ఎర్ర సిరా తుఫాను తడికి కాస్త అలికినట్టయింది గానీ అంకెలు గట్టిగానే ఉన్నాయి. ఏడేళ్ళ పిల్ల ఏడవకూడదని ఒక మనిషి తన నియమం తానే తప్పి రాసిన అంకెలు. తన కోసం ఈ లోకంలో ఎవరైనా రాసింది ఏదైనా ఉందంటే ఇదొక్కటే. తుఫాను నోట్లోంచి లాక్కొచ్చినదాన్ని పొయ్యిలో ఎలా పెడుతుంది? చేతులు రాలేదు. పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చి, కొంగుతో దుమ్ము తుడిచి, తీసుకెళ్ళి హారిక టీచరు బల్ల మీద పెట్టేసింది.

మర్నాడు శుక్రవారం. పిల్లలు తోరణాలు కట్టారు. బోర్డు మీద హారిక టీచరు రంగు సుద్దలతో రాసింది: "ఆంధ్రప్రదేశ్ అవతరణ దినోత్సవం". మాస్టారిని ఇద్దరు పట్టుకుని కారులోంచి దింపారు. ఎనభై దాటిన మనిషి, చెయ్యి వణుకుతోంది, పంచె మాత్రం అదే తెలుపు. బల్ల మీద ఆ రిజిస్టరు చూడగానే ఆయన మొహం తెల్లబోవడం అవతారం గమనించింది. జెండా ఎగరేశారు, పాట పాడారు. నాగబాబు ఫోను తీసి, "పేజీ తియ్యండి టీచరు గారూ" అన్నాడు.

"ఒక్క నిమిషమండీ" అంది అవతారం.

జెండా కర్ర కిందకి వెళ్ళి నిలబడింది, యాభై ఆరేళ్ళ కింద నిలబడ్డ చోటనే. అంతమందిలో ఎప్పుడూ మాట్లాడిన మనిషి కాదు. కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"నేను ఈ రోజు పుట్టలేదండీ" అంది. "అంతర్వేది తీర్థం నాడు పుట్టేనంట, మా అమ్మ చెప్పేది. ఆ పుస్తకంలో నా తేదీ కొట్టేసి ఉంటుందండి. ఎందుకు కొట్టేసేరో ఎవరూ ఊహించి రాయక్కర్లేదు, నేను చెబుతాను. అదిగో, ఆ బోర్డు మీద మాట నేను తప్పు చదివేనండీ. నా పేరనుకున్నాను. అందరూ నవ్వేరు. మాస్టారు దిద్దింది తేదీ కాదండీ, నా తప్పు. నేను సిగ్గుపడకుండా దిద్దేరు. ఇన్నేళ్ళూ ఆ బిళ్ళ నాది కాదని తెలిసే తిన్నాను. ఆయన మీద మాట పడకూడదండీ. రోజు పోతే పోనీ."

నాగబాబు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. ఆవిడ మాస్టారి వంక చూడలేకపోయింది. అంతలో కుర్చీ చప్పుడైంది.

"చదవడం రాదన్నావు కదే" అన్నారు మాస్టారు.

"మీరు నేర్పినంతవరకే వచ్చండి."

ఆయన కర్ర ఆనించుకుంటూ లేచారు. హారిక టీచరు పట్టుకోబోతే వద్దన్నారు. జెండా దగ్గరికి వస్తారనుకున్నారంతా, ఆయన బోర్డు దగ్గరికి నడిచారు. సుద్దముక్క తీసుకున్నారు. 'అవతరణ'లో చివరనున్న 'ణ'ని అరచేత్తో తుడిచేశారు. అక్కడ గుండ్రంగా సున్న పెట్టారు. 'త'కి దీర్ఘం ఇచ్చారు. రెండు పనులకీ చాలాసేపు పట్టింది.

"అప్పుడు రిజిస్టరు దిద్దేను" అన్నారు వెనక్కి తిరిగి. "దిద్దాల్సింది బోర్డు. చదవండర్రా!"

ముప్పై గొంతులు ఒక్కసారి అందుకున్నాయి. "ఆంధ్రప్రదేశ్ అవతారం దినోత్సవం!"

ఒక్క పిల్లా నవ్వలేదు. మాస్టారు లాల్చీ జేబులోంచి పొట్లం తీసి మొదటి బిళ్ళ ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని అక్కడికక్కడే నోట్లో వేసుకుంది, చిన్నపిల్లలాగా, కళ్ళనీళ్ళతోనే.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయారు. అవతారం తోరణాలు విప్పింది, గదులు ఊడ్చింది, కుర్చీలు సర్దింది, రిజిస్టరుని బీరువాలో పై అరలో పెట్టింది. బోర్డు తుడవడం కూడా ఆవిడ పనే. ఆ రోజు తుడవకుండా తాళం వేసింది.